పెంట, గత్తం, కంపోస్టు: సేంద్రియవ్యర్థాల చరిత్రలో సూక్ష్మజీవసముదాయాలు – తెలంగాణ దృష్టాంతాలు

వ్యాససంగ్రహం:
పేడ, ఆకు, గడ్డి, వంటింటి వ్యర్థం ఎరువుగా మారే ప్రక్రియను నడిపేది ఒకదాని తరవాత ఒకటిగా వచ్చే సూక్ష్మజీవసముదాయాలని వివరంగా తెలియవచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే. ఆ ప్రక్రియను అదుపులో పెట్టే పని మాత్రం తెలుగు రైతుకుటుంబాలకు తరాలుగా తెలిసినదే. ఈ వ్యాసం 'పెంట' అనే మాట నడిచిన దారిని, ఇండోర్, బెంగుళూరు పద్ధతుల పుట్టుకను, సూర్యాపేట, కొత్తపల్లి, బోయినపల్లి అనుభవాలను పరిశీలించి, పల్లె నుంచి నగరశివారుగా మారిన బడంగ్‌పేట్ వంటి ఊళ్ళలో ఈ చరిత్ర ఏ మలుపు తీసుకుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: పెంట, గత్తం, కంపోస్టు, సూక్ష్మజీవసముదాయం, ఇండోర్ పద్ధతి, బెంగుళూరు పద్ధతి, పారిశుద్ధ్యశ్రమ, బడంగ్‌పేట్.

1. ప్రవేశిక:

రంగారెడ్డి జిల్లాలో హైదరాబాదుకు ఆగ్నేయదిక్కున ఉన్న బడంగ్‌పేట్ 2019లో నగరపాలకసంస్థ అయింది. బాలాపూర్, నాదర్‌గుల్, అల్మాస్‌గూడ వంటి ఇరుగుపొరుగు పల్లెలు అందులో కలిశాయి. ఒకప్పుడు జొన్న, వరి, కూరగాయలు పండిన నేలలు ఇక్కడ కొద్ది దశాబ్దాల్లోనే ప్లాట్లుగా, కాలనీలుగా మారాయి. ఇటువంటి మార్పును చరిత్రకారులు భూమి ధరలతోనో, వలసలతోనో, రోడ్లతోనో కొలుస్తారు. కొలవని వస్తువు ఒకటుంది. రైతు ఇంటి వెనక ఉండే పెంటదిబ్బ.

వ్యవసాయచరిత్రలో విత్తనానికి, చెరువుకు, శిస్తుకు దక్కిన చోటు పెంటదిబ్బకు దక్కలేదు. అందుకు కారణం స్పష్టమే. చెరువు తవ్వించినవారు శాసనం వేయించారు, శిస్తుకు లెక్కలున్నాయి, పెంటకు దస్తావేజు లేదు. దాని ఆధారాలు భాషలోను, కృషిగ్రంథాల్లోను, వలసపాలన నివేదికల్లోను, ప్రయోగశాలల్లోను, చివరకు న్యాయస్థానాల ఉత్తర్వుల్లోను చెల్లాచెదరుగా ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి చదివితే, ఎవరూ కంటితో చూడని జీవులతో మనుషులు ఎట్లా వ్యవహరించారన్న కథ కొంతవరకు వెలికివస్తుంది.

2. పెంట: మాట, చోటు, పని:

'పెంట' అనే తెలుగుమాటకు అర్థాలు రెండు దిక్కులకు పోతాయి. పేడ, ఊడ్పు, చెత్త కలిసిన కుప్ప ఒక అర్థం. చిన్న పల్లె, పశువులు నిలిచే తావు అన్నది మరో అర్థం. నల్లమలలో చెంచుల ఆవాసాలను ఇవాళ్టికీ పెంటలనే అంటారు. శ్రీశైలం దారిలో దోమలపెంట, ఈగలపెంట అనే ఊళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. ఆ పేర్లు పెట్టినవారికి ఆ చోటుతో గల పరిచయం ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. మంద నిలిచిన చోట పేడ పోగుపడుతుంది, పేడ పోగుపడ్డ చోట నేల బలం పుంజుకుంటుంది, బలమైన నేలను పట్టుకొని మనుషులు నిలుస్తారు. రెండర్థాలకూ నడుమ ఇంతటి సహజమైన వంతెన ఉండగా, నేటి వ్యవహారంలో 'పెంట చేయడం' అంటే పని చెడగొట్టడమనే అర్థమొక్కటే మిగలడం ఆలోచించదగ్గది. సంపదను చెప్పిన మాట తిట్టుగా దిగజారింది. ఈ అర్థాపకర్షకు వెనక ఒక ఆర్థికచరిత్ర ఉంది. పశువులున్న ఇంటికి పెంట ఆస్తి. పశువులు పోయి, దిబ్బ పోయి, ఎరువు బస్తాల్లో రావడం మొదలైన తరవాత ఆ మాటలో మురికి మాత్రమే మిగిలింది.

ఇంతకన్నా విలువైన సాక్ష్యం క్రియాపదాల్లో ఉంది. సేంద్రియపదార్థం రూపు మారడాన్ని తెలుగు ఒకే మాటతో సరిపెట్టలేదు. కుళ్ళడం, మురగడం ఒక జాతి మాటలు. చివకడం, మాగడం మరో జాతి. పులియడం వీటికి భిన్నమైనది. పండు మాగుతుంది, దమ్ము చేసిన మడి మాగుతుంది, పోగులోని పెంట మాగుతుంది. శవం, నిలవనీరు, మూసిన గంపలోని కూరగాయ మాత్రం కుళ్ళుతాయి లేదా మురుగుతాయి. మొదటి జాతిలో దుర్వాసన ఉంది, నష్టముంది. రెండో జాతిలో నిరీక్షణ ఉంది, ప్రయోజనముంది. గాలి ఆడే పోగులోను, గాలి అందని పోగులోను పనిచేసే సూక్ష్మజీవులు వేరువేరని శాస్త్రం చెప్పడానికి చాలా ముందే, ఫలితాల తేడాను బట్టి ఈ భాష రెండు ప్రక్రియలను విడదీసి పెట్టుకుంది. తెలుగుపత్రికల వ్యవసాయశీర్షికల్లో ఏ పంటకు సలహా ఇచ్చినా కనిపించే 'బాగా చివికిన పశువుల ఎరువు' అనే పలుకుబడిలో 'బాగా చివికిన' అన్నది అలంకారం కాదు. అది సాంకేతికమైన నిబంధన.

ఎందుకంటే పచ్చిపెంట పొలానికి చేటు. అందులోని కలుపుగింజలు చావకుండా మొలకెత్తుతాయి. చెదలు చేరుతాయి. కొబ్బరిని పీడించే కొమ్ముపురుగు పిల్లదశ గడిపేది పెంటకుప్పల్లోనే. ఇవన్నీ రైతు కంటికి కనిపించేవి. కనిపించనిది ఒకటుంది. కర్బనం ఎక్కువగా, నత్రజని తక్కువగా ఉన్న పదార్థాన్ని నేలలో కలిపితే, దాన్ని తినే సూక్ష్మజీవులు తమ శరీరనిర్మాణానికి చాలని నత్రజనిని నేల నుంచే లాక్కుంటాయి. కొన్ని వారాలపాటు పైరుకు దక్కవలసిన పోషకం వాటి ఒంట్లో చిక్కుకుంటుంది. పచ్చిపెంట వేసిన చేను పచ్చబారడం మాని పాలిపోవడానికి కారణమిదే.

తెలంగాణ పల్లెల్లో ఈ పనికి ఒక వార్షికక్రమం ఉండేది. కొట్టంలోని పేడ, పశువు తినగా మిగిలిన చొప్ప, పొయ్యిబూడిద, వాకిటి ఊడ్పు రోజూ బొందలోకో, దిబ్బమీదికో చేరేవి. ఎండాకాలంలో బండ్లకెత్తి చేనికి తోలేవారు. మృగశిరకార్తెకు ముందే కుప్పలు పోసి చిమ్మేవారు. గొర్ల మందను రాత్రిళ్ళు చేనులో నిలిపి, అందుకు గొల్లకురుమలకు ధాన్యమో, డబ్బో ముట్టజెప్పడం దీనికి తోడైన మరో ఏర్పాటు. ఎండాకాలంలో చెరువు పూడికమట్టిని చేలకు తోలడం మూడోది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఈ పాత అలవాటే ప్రభుత్వకార్యక్రమంగా తిరిగివచ్చింది.

అయితే ఈ పద్ధతిని ఆదర్శంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు. మూత్రం చాలావరకు కొట్టం నేలలోనే ఇంకిపోయేది. ఎండలో చిన్నచిన్న కుప్పలుగా వదిలిన పెంట నుంచి నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోయేది. పేడలో పెద్దభాగం పిడకలై పొయ్యిలోకి పోయేది. బ్రిటిష్ ప్రభుత్వం కోరగా భారతవ్యవసాయాన్ని పరిశీలించిన జాన్ ఆగస్టస్ వోల్కర్ 1893 నాటి నివేదికలో ఈ పిడకల సంగతిని సుదీర్ఘంగా చర్చించాడు. రైతుకు పేడవిలువ తెలియక కాల్చడంలేదని, వంటచెరకు దొరకక కాలుస్తున్నాడని ఆయన గుర్తించడం ఆ కాలపు అధికారుల్లో అరుదైన వివేకం.

కృషిగ్రంథాలు ఇంకా వెనక్కి తీసుకుపోతాయి. కృషిపరాశరం మాఘమాసంలో పెంటపోగును పూజించి పారతో ఎత్తమని, ఎండబెట్టి పొడిచేయమని, ఫాల్గుణంలో చేలల్లో గుంతలు తీసి అందులో ఉంచి, విత్తేవేళకు వెలికితీయమని చెబుతుంది. ఇందులో గాలి తగలడం, మాగే వ్యవధి రెండూ ఉన్నాయి. సురపాలుని వృక్షాయుర్వేదం చెప్పిన కుణపజలం మాంసం, ఎముక, కొవ్వు వంటివాటిని నీటిలో ఉడికించి పులియబెట్టే ద్రవఎరువు. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో నిలిచిన ఆ రాతప్రతిని ఉస్మానియా సంస్కృతాచార్యులు నళినీ సాధలే అనువదించగా, 1996లో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషన్ ప్రచురించింది. ఇక్రిశాట్‌లో పనిచేసిన వై. ఎల్. నేనే స్థాపించిన ఈ సంస్థ లేకపోతే, కుణపజలం నేటి ప్రకృతివ్యవసాయపు చర్చల్లోకి వచ్చేదే కాదేమో.

3. పోగు లోపల:

పైన చెప్పిన పనులన్నిటికీ అర్థం పోగు లోపల జరిగేది తెలిస్తేనే బోధపడుతుంది. కనుక ఇక్కడ కొంత శాస్త్రవిషయం తప్పదు.

తగినంత తడి, గాలి ఉన్న కుప్పలో మొదటి ఒకటి రెండు రోజుల్లో సాధారణ ఉష్ణోగ్రతలో బతికే బాక్టీరియా చక్కెరలను, పిండిపదార్థాలను, తేలికపాటి ప్రోటీన్లను తింటుంది. ఆ క్రమంలో సేంద్రియామ్లాలు పుట్టి కుప్ప కొంత పుల్లబడుతుంది. తినడమంటే శ్వాసించడమే గనుక వేడి పుడుతుంది. కుప్ప చిన్నదైతే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కనీసం ఒక ఘనమీటరుకు తగ్గని కుప్ప అయితే వేడి లోపలే నిలిచి, ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. తొలి సముదాయానికి ఆ వేడి భరించరానిది. తాను పుట్టించిన వేడికి తానే తప్పుకొని, ఉష్ణప్రియజీవులకు చోటిస్తుంది. బాసిల్లస్ జాతులు, ఉష్ణాన్ని తట్టుకునే ఆక్టినోమైసిటీస్, కొన్ని శిలీంధ్రాలు ఇప్పుడు రంగంలోకి వస్తాయి. సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, కొవ్వులు కరగడం ఎక్కువగా ఈ దశలోనే. 55 డిగ్రీలు దాటిన వేడి కొన్ని రోజులపాటు నిలిస్తే రోగకారక క్రిములు, పురుగుల గుడ్లు, కలుపుగింజలు నశిస్తాయి. 70 డిగ్రీలకు చేరితే మేలుచేసే జీవులు కూడా తగ్గిపోయి పని మందగిస్తుంది. అందుకే కుప్పను తిరగవేయాలి. తిరగవేస్తే గాలి అందుతుంది, అంచున చల్లగా మిగిలిన పదార్థం నడిమికి చేరుతుంది.

తేలికైన ఆహారం అయిపోయాక కుప్ప చల్లబడుతుంది. శిలీంధ్రాలు తిరిగి వ్యాపించి, మొండిపదార్థమైన లిగ్నిన్‌ను మెల్లగా విడదీస్తాయి. ఆక్టినోమైసిటీస్ బూడిదరంగు పొరలుగా కంటికి కూడా కనిపిస్తాయి. తొలకరి వాన పడ్డ నేల నుంచి వచ్చే కమ్మని వాసనకు, మాగిన పెంట వాసనకు పోలిక ఉండడం యాదృచ్ఛికం కాదు. స్ట్రెప్టోమైసిస్ వంటి జీవులు తయారుచేసే, 1965లో జియోస్మిన్ అని పేరుపెట్టిన పదార్థమే ఆ రెండింటికీ మూలం. దిబ్బలోంచి గుప్పెడు పెంట తీసి ముక్కుకు దగ్గరగా పట్టి మాగిందా లేదా తేల్చే రైతు, ఒక సముదాయం వెళ్ళి మరో సముదాయం వచ్చిందా అని పరీక్షిస్తున్నాడన్నమాట.

గాలి అందకపోతే కథ పూర్తిగా వేరు. ప్రాణవాయువు లేనిచోట బతికే బాక్టీరియా ఆమ్లాలను, ఉదజనిని పుట్టిస్తే, ఆర్కియా వర్గపు జీవులు వాటి నుంచి మీథేన్ తయారుచేస్తాయి. గంధకం కలిసిన దుర్వాయువులూ పుడతాయి. తెలుగు 'మురగడం' అన్నది ఈ దారినే. వందేళ్ళ లెక్కలో బొగ్గుపులుసు వాయువు కన్నా పాతిక రెట్లకు మించి భూతాపాన్ని పెంచేది మీథేన్. అదే వాయువును మూతపెట్టిన పాత్రలో పట్టుకుంటే ఇంధనం.

తొలితరం సూక్ష్మజీవశాస్త్రం ఒక్కొక్క జీవిని విడదీసి, పళ్ళెంలో పెంచి చదివింది. రోగాల అధ్యయనానికి ఆ పద్ధతి చక్కగా సరిపోయింది. పెంటపోగుకు సరిపోలేదు, ఎందుకంటే అందులోని జీవుల్లో చాలావరకు పళ్ళెంలో పెరగవు. పెరిగినవి కూడా ఒంటరిగా పోగులో చేసే పని చేయవు. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో సెల్మన్ వాక్స్‌మన్ బృందం 1930లలో ఉష్ణోగ్రతను బట్టి కంపోస్టులోని జీవజనాభా ఎలా మారుతుందో పరిశీలించింది. అదే ప్రయోగశాలలో 1943లో స్ట్రెప్టోమైసిన్ బయటపడింది. ఆ మందునిచ్చిన జీవి దొరికిన తావుల్లో ఒకటి బాగా పశువుల ఎరువు వేసిన పొలం మట్టి. ఆ దశాబ్దంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లే ప్రయోగశాలలో, మరో ఆక్టినోమైసిటీ నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. పెంటను అసహ్యించుకున్న కాలమే పెంటమట్టిజీవుల బంధువుల వల్ల క్షయ నుంచి బయటపడడం చరిత్రలోని విడ్డూరాల్లో ఒకటి.

4. ఇండోర్ పోగు:

తెలంగాణ పాఠకునికి ఇందూరు అంటే నిజామాబాదు. ఇక్కడ ప్రస్తావించేది మధ్యభారతంలోని ఇండోర్. 1905లో భారతదేశానికి వచ్చి, పూసాలో పనిచేసి, 1924లో ఇండోర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ బాధ్యతలు చేపట్టిన ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో ప్రచురించిన 'ది వేస్ట్ ప్రాడక్ట్స్ ఆఫ్ అగ్రికల్చర్' గ్రంథంలో ఇండోర్ పద్ధతిని వివరించాడు. పంటవ్యర్థం, పేడ, మూత్రం ఇంకిన కొట్టం మట్టి, కట్టెబూడిద పొరలుపొరలుగా వేసి, తడిపి, మూడుసార్లు తిరగవేస్తే మూడునెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. గుంత లోతు రెండడుగులకు మించకూడదన్న నియమం ప్రధానమైనది. అంతకన్నా లోతుకు గాలి చేరదు. తొలిదశలో శిలీంధ్రాలు, తరవాత బాక్టీరియా పనిచేస్తాయని గ్రహించి, తిరగవేసే రోజులను వాటి అవసరాన్ని బట్టి నిర్ణయించడం ఈ పద్ధతిలో కొత్తదనం.

హోవార్డ్‌ను సేంద్రియవ్యవసాయపితగా కొనియాడే రచనలకు కొదవలేదు. ఆయన భారతీయరైతును తన గురువుగా చెప్పుకున్న మాటనూ అవి పదేపదే చెబుతాయి. అయితే ఆయన చేసిన పని రైతుకు తెలిసినదాన్ని యథాతథంగా రాయడం మాత్రమే కాదు. చైనా, జపాను రైతుల ఎరువుపద్ధతులపై ఎఫ్. హెచ్. కింగ్ 1911లో ప్రచురించిన పుస్తకం, పొలంలో పరిశీలన, ప్రయోగశాలలో కర్బన–నత్రజని నిష్పత్తుల కొలత, ఈ మూడూ కలిసి ఆ పద్ధతి ఏర్పడింది. వాడ్ రసాయనవేత్తగా చేసిన కృషి హోవార్డ్ కీర్తిలో కలిసిపోయింది. భార్య గాబ్రియెల్ ఆయనతో సమానంగా పరిశోధించిన శాస్త్రవేత్త. గ్రంథం రాకముందే 1930లో కన్నుమూశారు. ఈ చరిత్రను ఒక్కపేరుతో చెప్పడం కుదరదు.

5. బెంగుళూరు గుంత, మోసిన చేతులు:

ఇండోర్ పోగు పొలానికి పనికివచ్చింది. పట్టణానికి అది చాలలేదు. తిరగవేయడానికి కూలి, స్థలం, నీరు కావాలి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గిల్బర్ట్ ఫౌలర్ కాలం నుంచి మురుగు, మలం, చెత్తలను ఎరువుగా మార్చే పరిశోధన సాగుతూ వచ్చింది. ఆ వరుసలోనే సి. ఎన్. ఆచార్య 1939లో రూపొందించినది బెంగుళూరు పద్ధతి. పట్టణచెత్త ఒక పొర, మానవమలం ఒక పొర చొప్పున కందకంలో నింపి, పైన మట్టి కప్పుతారు. తొలి వారం పదిరోజులు గాలి ఉన్నంతవరకు వేడి పుడుతుంది, ఈగల పిల్లపురుగులు, రోగక్రిములు చస్తాయి. తరవాత గాలి లేకుండా ఆరు నుంచి ఎనిమిది నెలలు మెల్లగా మాగుతుంది. తిరగవేయవలసిన పని లేదు. అధికాహారోత్పత్తి ఉద్యమం మొదలైన 1940లలో పురపాలకసంఘాలన్నిటా ఈ పద్ధతిని వ్యాప్తిచేసే పథకాలు వచ్చాయి.

ఆ పథకాల సాహిత్యం చదివితే పొర మందం, కందకం కొలత, నత్రజని శాతం అన్నీ కచ్చితంగా కనిపిస్తాయి. మలాన్ని ఇళ్ళ నుంచి కందకం దాకా ఎవరు తెచ్చారన్నది మాత్రం కర్మణిప్రయోగాల వెనక మరుగున పడుతుంది. 'తీసుకురాబడుతుంది', 'వేయబడుతుంది' అనే వాక్యాల్లో కర్త లేడు. ఆ కర్తలు పాకీపని తప్ప మరోపని దొరకని దళితకులాలవారు. వారిలో స్త్రీలే ఎక్కువ. తోటలకు, పొలాలకు చేరిన పట్టణకంపోస్టు చరిత్ర వారి నెత్తిమీది గంపల చరిత్ర కూడా. దీన్ని పక్కనపెట్టి బెంగుళూరు పద్ధతిని దేశీయవిజ్ఞానంగా మాత్రమే ప్రశంసించే ధోరణి ఇటీవలి రచనల్లో కనిపిస్తోంది. అది సగం చరిత్ర.

కర్ణాటకలోని కోలారు బంగారుగనుల్లో పాకీపని చేసిన తెలుగుకుటుంబాల నుంచి వచ్చిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారీ ఆందోళన్ నిర్మాణానికి పూనుకోవడం ఈ చరిత్రలో తెలుగువారి ముఖ్యఘట్టం. 1993 నాటి నిషేధచట్టం అమలుకాలేదని ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి తీర్పు మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం లభించింది. చెత్తను వేరుచేసే పని నేటికీ చాలాచోట్ల చేతితోడుగు కూడా లేని చేతులమీదే నడుస్తున్నందున, ఇది ముగిసిన అధ్యాయం కాదు.

6. పట్టణచెత్త: కలిసిపోయిన పొరలు:

రసాయన ఎరువులు చౌకగా అందిన దశాబ్దాల్లో పట్టణకంపోస్టు మూలపడింది. 1980లో రామగుండం ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టే నాటికి తెలంగాణ రైతుకు యూరియా బస్తా సుపరిచితం. ట్రాక్టరు వచ్చి కాడెద్దులు తగ్గడంతో దిబ్బకు ముడిసరుకే కరవైంది. అదేకాలంలో పట్టణచెత్త స్వభావం మారింది. ప్లాస్టిక్ సంచి, గాజు, బ్యాటరీ, మందుసీసా అన్నీ వంటింటి వ్యర్థంతో ఒకే కుండీలో పడ్డాయి. హైదరాబాదువాసులు 'కచ్రా' అనే ఉర్దూమాటలోనే దీన్ని సంగ్రహించారు. కచ్రాకు పొరలు లేవు. పెంటకు ఉండేవి.

సూక్ష్మజీవులకు ఈ కలగాపులగం పెద్ద అడ్డంకి. సంచిలో ముడివేసిన అన్నం గాలి లేక మురుగుతుంది. భారలోహాలు నశించవు, పోగు బరువు తగ్గేకొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది. ఏ సముదాయమూ సీసాన్ని, కాడ్మియాన్ని తినలేదు. కలిసిన చెత్తతో చేసిన కంపోస్టును రైతు తిరస్కరించడానికి కారణం చాదస్తమని అధికారులు భావించిన సందర్భాలున్నాయి. అరికాలికి గుచ్చుకున్న గాజుపెంకు చాదస్తం కాదు.

అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం, ఆ తరవాత అసీం బర్మన్ సంఘం 1999లో ఇచ్చిన నివేదిక కలిసి 2000లో పట్టణ ఘనవ్యర్థాల నియమాలకు దారితీశాయి. తడిచెత్తను జీవప్రక్రియలతోనే శుద్ధిచేయాలని అవి చెప్పాయి. 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో పట్టణకంపోస్టుకు ప్రమాణాలు చేరాయి. భారలోహాలకు హద్దులు, కర్బన–నత్రజని నిష్పత్తికి 20లోపు పరిమితి అందులోని ముఖ్యాంశాలు. ఈ 20లోపు అన్న అంకె 'బాగా చివికిన' అన్న పాతమాటకు ప్రభుత్వభాషలో దాదాపు సమానార్థకం. 2016 నియమాలు చెత్తను ఇంటివద్దే వేరుచేయడాన్ని తప్పనిసరి చేశాయి. ఆ ఏడాదే పట్టణకంపోస్టుకు టన్నుకు 1500 రూపాయల సహాయాన్ని కేంద్రం ప్రకటించింది.

నియమాలకు మించి ఉదాహరణ పనిచేసింది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట 2003 తరవాత వీధి కుండీలు తీసేసి, ఇంటింటికీ వెళ్ళి తడి, పొడి చెత్తలు వేరుగా సేకరించి, తడిచెత్తను వానపాముల ఎరువుగా మార్చింది. పెద్ద యంత్రాలు, విదేశీనిధులు లేకుండా, ఉన్న సిబ్బందితోనే ఇది సాధ్యమైంది. అప్పటి కమిషనర్ ఎస్. ఎ. ఖాదర్ సాహెబ్ చొరవగా దీన్ని అందరూ చెప్పుకుంటారు. ఒక అధికారి చొరవ ఎంతకాలం ఒక పట్టణపు అలవాటుగా నిలుస్తుందన్న ప్రశ్న అప్పుడే మొదలైంది.

రాజధాని మరోదారి పట్టింది. నగరానికి ఈశాన్యంలోని జవహర్‌నగర్‌లో మూడువందల ఎకరాలకు పైబడిన స్థలంలో ఏళ్ళతరబడి పేరుకున్న కలగలుపు చెత్త గుట్టయింది. గాలి ఆడని ఆ గుట్ట లోపల మురగడమే జరిగింది. దాని నుంచి ఊరిన నల్లని ద్రవం మల్కారం చెరువును పాడుచేసింది, చుట్టుపక్కల కాలనీలవారు దుర్వాసనతోను, బోరునీటితోను అవస్థపడ్డారు. పెంట ఊరిపేరు కాగలిగిన నేలమీద, ఒక నగరం తన పెంటను మరొకరి ఊరికి పంపే ఏర్పాటు స్థిరపడింది.

7. కొత్తపల్లి, బోయినపల్లి:

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని కొత్తపల్లిలో 1999 నుంచి ఇక్రిశాట్ చేపట్టిన ఆదర్శ వాటర్‌షెడ్ కార్యక్రమంలో స్వయంసహాయక బృందాల స్త్రీలు వానపాముల ఎరువు తయారీకి దిగారు. గట్లమీద పెంచిన గ్లిరిసిడియా ఆకు, పొలాల్లో విచ్చలవిడిగా పెరిగిన వయ్యారిభామ, పేడ వారి ముడిసరుకు. వయ్యారిభామను పూతకు రాకముందే కోయాలి, లేకుంటే గింజలు ఎరువుతోపాటు పొలానికి చేరతాయి. ఇక్కడ వానపామును చూసి సూక్ష్మజీవిని మరవకూడదు. పాము పేగుల్లోని, విసర్జనలోని బాక్టీరియాయే జీర్ణక్రియలో పెద్దపాలు నిర్వహిస్తుంది; పాము నమిలి, కలిపి, గాలికి దారి చేసి ఇస్తుంది. తిరగవేసే పారపని అది చేస్తుందన్నమాట. అయితే అది వేడి భరించలేదు గనుక ఈ పద్ధతిలో 55 డిగ్రీల శుద్ధి జరగదు. అందుకే ముడిసరుకును ముందు కొన్నివారాలు మగ్గనిచ్చి, వేడి తగ్గాకనే పాములను వదలాలి.

బోయినపల్లి కూరగాయల మార్కెట్టు ఇంకో దారి. అక్కడ రోజుకు సుమారు 10 టన్నుల కుళ్ళిన కూరగాయలతో, హైదరాబాదులోని ఐఐసీటీ రూపొందించిన గాలిరహిత పాచనయంత్రం దాదాపు 500 యూనిట్ల విద్యుత్తును ఇస్తోందని 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ప్రస్తావించడంతో అది దేశమంతటికీ తెలిసింది. గుట్టలో హానిచేసిన ఆర్కియాలే ఇక్కడ మూసిన పాత్రలో పనికివచ్చాయి. మార్కెట్టు చెత్తకు ఒక వరముంది. అది పుట్టుకతోనే వేరుచేసిన చెత్త. బోయినపల్లి విజయంలో యంత్రానికెంత పాలుందో ఈ సంగతికీ అంత ఉంది. ఇళ్ళ చెత్తకు అదే యంత్రాన్ని తగిలించాలనుకునేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవడంలేదు.

జీవామృతం, ఘనజీవామృతం వంటి మిశ్రమాలను సూక్ష్మజీవసంపదగా ప్రచారంచేసే ప్రకృతివ్యవసాయధోరణి ప్రత్యేకచర్చకు అర్హమైనది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి 48 గంటలు పులియబెట్టడంలో జీవజనాభా పెరుగుతుందనడంలో సందేహం లేదు. పోషకాల లోటును ఆ జనాభా ఒక్కటే తీర్చగలదా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య వాదప్రతివాదాలు నడుస్తున్న విషయం. సూక్ష్మజీవి శూన్యం నుంచి భాస్వరాన్ని సృష్టించదు. ఉన్నదాన్ని అందుబాటులోకి తెస్తుంది.

8. శివారు:

బడంగ్‌పేట్ వంటి శివారు ఈ చరిత్రలో ఇబ్బందికరమైన చోట ఉంది. 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలైనప్పుడు గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, చెత్తను వేరుచేసి ఎరువుచేసే షెడ్డు సమకూరాయి. అదే ఏడాది నగరపాలకసంస్థగా మారిన ఊరికి పంచాయతీ కొలమానం వర్తించదు. పల్లెకున్న పశువులు, చేలు దానికి లేవు. పెద్దనగరానికున్న కేంద్రీకృతవ్యవస్థ ఇంటి గుమ్మం నుంచి దూరంగా ఉంటుంది. వంటింటి తడిచెత్త మాత్రం ప్రతి ఇంటా రోజూ పుడుతుంది. సూక్ష్మజీవుల వైపు నుంచి చూస్తే, అది జొన్నచొప్ప కాలం నాటి పోగుకన్నా నత్రజని ఎక్కువ, తడి ఎక్కువ, గాలిసందు తక్కువ ఉన్న పదార్థం. కర్బన–నత్రజని నిష్పత్తి 25–30కి రావాలంటే దానికి ఎండుటాకు, రంపపుపొట్టు, కొబ్బరిపీచు వంటి ఎండుసరుకు కలపాలి. తడి 50–60 శాతం దాటకూడదు. పల్లెదిబ్బలో ఈ ఎండుసరుకు కొట్టం మిగులుచొప్ప రూపంలో తనంత తానే చేరేది. శివారు ఇంట్లో దాన్ని వెతికి తెచ్చుకోవాలి. చెట్టు రాల్చిన ఆకును కుప్పచేసి కాల్చే అలవాటున్న వీధిలో, తడిచెత్త మురిగి కంపుకొట్టడానికి ఉన్న కారణం ఆ మంటలోనే ఉంది.

కంపోస్టు అమ్ముడుపోదన్న మాటకు శివారులో ఇంకో ముఖముంది. ప్లాట్లుగా మారకుండా మిగిలిన ఇబ్రహీంపట్నం దిక్కు కూరగాయల మడులు, పూలతోటలు ఇక్కడికి దూరమేమీ కాదు. ఆకుకూర పండించే రైతు ఇప్పటికీ కోళ్ళఫారాల ఎరువునో, పశువుల ఎరువునో లారీకి ఇంత అని కొంటున్నాడు. ఆయన అడిగేవి మూడే: గాజుపెంకు ఉండకూడదు, గింజ మొలవకూడదు, చేతిలో తీసుకుంటే మట్టివాసన రావాలి. మొదటిదానికి ఇంటివద్ద వేరుచేయడం, రెండోదానికి 55 డిగ్రీల వేడి, మూడోదానికి ఆక్టినోమైసిటీస్ పని పూర్తయ్యేదాకా ఆగే ఓపిక కావాలి. గుత్తేదారు ఒప్పందాల్లో టన్నుల లెక్క ఉంటుంది, రవాణా లెక్క ఉంటుంది. కుప్ప ఎన్నిరోజులు వేడిగా ఉంది, ఎన్నిసార్లు తిరగవేశారు, తిరగవేసినవారికి ఏమిచ్చారు అన్న మూడు వివరాలు ఆ లెక్కల పుస్తకంలో చేరితే, పోగుకు మొదటిసారి ఒక దస్తావేజు ఏర్పడుతుంది.